రాజుగారి సామాను

అప్పలాచారిగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుల్లో ఎవరైనా ప్రశ్న అడిగితే కూర్చున్న చోట జవాబు చెప్పేవారు కాదు. చెప్పులు వెతుక్కునేవారు. కండువా భుజాన వేసుకుని, "పద నాయనా, అలా వెళ్ళొద్దాం" అని బయల్దేరేవారు. జవాబు దారిలో దొరికితే సరేసరి, దొరక్కపోతే మర్నాడు మళ్ళీ అదే నడక. ఈ బాధ పడలేక ఆయన శిష్యుల్లో బద్ధకస్తులు ప్రశ్నలు అడగడమే మానేశారని గెడ్డవలసలో చెప్పుకునేవారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

ఆయన గురువైంది వేదాంతానికి కాదు, పద్యనాటకానికి. నాగావళికి ఇవతల ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో నలభై ఏళ్ళు నాటక సమాజం నడిపారు. కుర్రతనంలో కాళ్ళకు గజ్జెలు కట్టి ఆడవేషాలు వేశారు. మోకాళ్ళు మొరాయించాక హార్మోనియం ముందు కూర్చుని, పొలం నుంచి బురదకాళ్ళతో వచ్చిన వాళ్ళ చేత రాజుల మాటలు పలికించారు. అలా పలికినవాళ్ళలో మొదటివాడు దాలినాయుడు. రెండెకరాల పల్లం భూమి, ఆరడుగుల మనిషి, మైకు అక్కర్లేని గొంతు. ఇరవై రెండేళ్ళు ఆ సమాజంలో రాజు వేషం అతనిదే. వేషం తీసేశాక కూడా రాజరికం కాస్త ఒంటిమీద మిగిలేదని అతని భార్య అంటూ ఉండేది. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా కూర్చున్నచోటికే రావాలి మరి.

కాలం ఒక్కలా ఉండదు కదా. మద్దెల వాయించే ఆయన పోయాడు. ఆడవేషం కుర్రాడు విశాఖపట్నంలో ఉద్యోగం చూసుకున్నాడు. జాతరలకు పిలిచేవాళ్ళు రికార్డింగు డాన్సులను పిలవడం మొదలుపెట్టారు. ఏడాది కిందట సమాజం మూతపడింది. సామానంతా ఆరు పెట్టెల్లో రైసుమిల్లు వెనక గదిలో ఉండిపోయింది. ఇప్పుడు ఆ గది ఊక పోసుకోవడానికి కావాలని మిల్లువాళ్ళు మర్యాదగానే అడిగారు. ఆచారిగారు తాళంచెవి దాలినాయుడి చేతిలో పెట్టి, "ఆ పెట్టెలు ఏం చేస్తావో నీ ఇష్టం" అన్నారు. ఆ మాట అనడం తేలికే. వినడమే కష్టం.

దాలినాయుడు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆరు పెట్టెలూ నాగావళిలో కలిపేయాలి. కిరీటాలు, కోట్లు, గదలు, తెరలు, అన్నీ. పాతసామాన్ల బండివాడి చేతిలో తుక్కుగా పోవడం కంటే, ఏటి తల్లి ఒడిలోకి గౌరవంగా పోవడం మేలనుకున్నాడు. మధ్యాహ్నం మూడింటికి ట్రాలీ ఆటో రమ్మని చెప్పాడు. అంత పనికి వెళ్ళేముందు శుభ్రంగా ఉండాలి కదా అని, ఉదయాన్నే గడ్డం గీయించుకుందామని బజారుకు వెళ్ళాడు. పైడయ్య తన సెలూను రోడ్డు మీది కొత్త షాపులోకి మార్చి ఆర్నెల్లయినా, దాలినాయుడు అందులో అడుగు పెట్టడం అదే మొదలు.

గుమ్మంలోనే ఆగిపోయాడు. అద్దం ముందు, తెల్లగుడ్డ కప్పుకుని గడ్డం నిండా సబ్బునురుగుతో ఎవడో కూర్చుని ఉన్నాడు. కూర్చున్నది మామూలు కుర్చీలో కాదు, సింహాసనంలో! అటూ ఇటూ సింహాల తలలు, వీపు వెనక బంగారు రంగు పూలు. ఇరవై రెండేళ్ళు తను కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న సింహాసనం అది. గురువుగారింటి లోపలి గదిలో భద్రంగా ఉందనుకుంటున్నాడు. ఒక సింహం నోట్లో తువ్వాలు వేలాడుతోంది. ఇంకో సింహం నెత్తిమీద పటికముక్క పెట్టి ఉంది. దాలినాయుడికి తల కొట్టేసినట్టయింది. పైడయ్య "రండి నాయుడుబాబూ" అంటున్నా వినిపించుకోకుండా వచ్చిన దారినే వెనక్కి తిరిగి, సరాసరి గురువుగారింటికి వెళ్ళాడు.

ఆచారిగారు వసారాలో కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నారు.

"గురువుగారూ, సింహాసనం పైడయ్యకు తమరే ఇచ్చారా?"

"ఇచ్చాను. అడిగాడు."

"దేవుడి పటం పాతబడితే ఏట్లో కలుపుతాం గానీ, దానితో పొట్లాలు కట్టం కదా! మరి రాజు కూర్చున్న ఆసనం మీద దారినపోయేవాళ్ళను కూర్చోబెట్టి గడ్డాలు గీస్తూంటే, అది అవమానం కాదా? ఆ వస్తువుకి కాదా? దానిమీద కూర్చున్నవాడికి కాదా?"

ఉన్నమాట చెప్పాలంటే, అతను అడగదలుచుకున్నది ఇది కాదు. ఇరవై రెండేళ్ళు ముఖానికి రంగు పూసుకుని, గొంతు చించుకుని, తెల్లారి మళ్ళీ నాగలి పట్టి, ఇంత చేస్తే చివరికి మిగిలింది ఇదేనా అని అతని బాధ. సింహాసనం గడ్డాల కుర్చీ అయితే ఇక తనేమైనట్టు? ఆ మాట నోట రాక, వస్తువుల మీద పెట్టి అడిగాడు.

ఆచారిగారు వక్కలు పళ్ళెంలో పోశారు. చెప్పుల కోసం చూశారు.

"పద నాయనా. ఆటో ఎన్నింటికన్నావు?"

"మూడింటికండి."

"బోలెడంత పొద్దుంది."

మొదట పైడయ్య దగ్గరికే తీసుకెళ్ళారు. దాలినాయుడికి ఇష్టం లేదు. అయినా గురువుగారి వెనకే నడిచాడు. సింహాసనంలో ఇప్పుడు మిల్లులో బస్తాలు మోసే మనిషి కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి బరువులెత్తి వీపు వంగిపోయినవాడు. దాలినాయుడు అతన్ని రోజూ చూస్తూనే ఉంటాడు, నేల చూసుకుంటూ నడుస్తాడు. ఆ మనిషి ఇప్పుడు వీపు ఆనించి, గడ్డం పైకెత్తి, రెండు చేతులూ రెండు సింహాల మీద వేసి, అద్దంలోకి సూటిగా చూసుకుంటున్నాడు.

"ఇదో ఇచిత్రం బాబూ," అన్నాడు పైడయ్య కత్తి తోలుపట్టీ మీద సానబెడుతూ. "ఈ కుర్సీ వొచ్చిన కాడ్నించి నా సెలూన్లో వొంగి కూకున్నోడు లేడు. ఎవులికీ సెప్పక్కర్లేదు, ఆడే నిటారుగా కూకుంటాడు. గెడ్డం గీయడం నాకెంత సుకవో!"

బస్తాల మనిషి సబ్బునురుగులోంచి నవ్వాడు. దాలినాయుడు నవ్వలేదు.

"కాలు ఊగుతోందన్నావు కదా, బాగుచేశావా?" అని అడిగారు ఆచారిగారు.

"సేసినానండి. బోర్లా ఏసి సేసినప్పుడు అడుగున సూసినాను. నవ్వాగలేదు నాకు. నాయుడుబాబు సూసుంటారు గదా, ఇన్నేళ్ళు కూకున్నారు."

దాలినాయుడు చూడలేదు. సింహాసనం అడుగుకు వంగి చూసే రాజు ఎక్కడుంటాడు? క్షవరం పూర్తయి ఆ మనిషి లేచాక, పైడయ్య సింహాసనాన్ని పక్కకు ఒరిగించాడు. కూర్చునే చెక్క కింద నల్లరంగుతో అచ్చుగుద్దిన పెద్ద పెద్ద అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. 'జాగ్రత్త. గాజు సామాను. ఈ వైపు పైకి.'

"సోడా ఫ్యాక్టరీకి సీసాలు వచ్చిన పెట్టెలు నాయనా," అన్నారు ఆచారిగారు తాపీగా. "అడిగితే పడేసి ఉన్నవి ఇచ్చారు. మేకులు కూడా వాటివే, ఊడబీకి వంకరలు తీసి కొట్టాం. సింహాల తలలు మాత్రం మా తమ్ముడు చెక్కాడు. ఒకటి కుక్కలా వచ్చిందని వాడికి జీవితాంతం దిగులే."

దాలినాయుడు ఆ సింహాన్ని పరీక్షగా చూశాడు. నిజమే. ఇన్నేళ్ళూ అతని ఎడమచెయ్యి కుక్క నెత్తిమీదే ఉంది.

"ఇది ఇన్నారు గాని, మా అయ్య సంగతి తెలీదు గావాల మీకు," అని పైడయ్య అందుకున్నాడు. "నా సిన్నతనంలో కోతి సొరబడి మా సెలూన్లో నిలువుటద్దం పగలగొట్టీసింది. పగిలిన అద్దం ఇంట ఉండకూడదంటారు గదా, పారీడానికి మనసొప్పక మా అయ్య దాని ముందు కూకుని ఏడుస్తన్నాడు. ఆచారిగారొచ్చి, ఆ ముక్కలు నాకియ్యి పైడయ్య తండ్రీ అన్నారు. ఆ ముక్కలే మీ కిరీటానికి అతికించినారు. తొలి ఆట నాడు మా అయ్య నన్ను బుజం మీద ఎక్కించుకుని, 'ఒరే, ఆ రాజు నెత్తిమీద మెరుస్తన్నాది సూడు, మన అద్దవేరా!' అన్నాడు. పోయేదాకా సెప్పుకున్నాడు బాబూ ఆ మాట. ఎవులికీ సెప్పక మానలేదు."

ఆ కిరీటం మెరుపు చూసి జనం ఈలలు వేసినప్పుడల్లా అది తన తేజస్సే అనుకున్నాడు దాలినాయుడు. జనంలో ఒక మనిషి ఏటా వచ్చి, కొడుకును భుజాన ఎక్కించుకుని, తన పగిలిన అద్దాన్ని చూసుకుని మురిసిపోయాడని అతనికేం తెలుసు? ఆయన పేరేమిటో కూడా ఎప్పుడూ అడగలేదు. "మీ నాన్నగారి పేరేమిటి పైడయ్యా?" అని ఇప్పుడు అడిగాడు. "లచ్చయ్యండి," అన్నాడు పైడయ్య. లచ్చయ్యకు చెప్పుకోవలసిన కృతజ్ఞత కొడుకుకు చెప్పబోయాడు గానీ, మామూలు మాటల్లో అది చెప్పడం అతనికి అలవాటు లేదు. పద్యమైతే వచ్చేది.

అక్కణ్ణించి సంతవీధి మీదుగా నడిచారు. వీధి చివర ఆకుకూరలమ్మే ఆవిడ నెత్తికి పైన నాలుగు కర్రలకు కట్టి ఉన్నది సమాజంవారి అడివి తెర. మద్దిచెట్లు, లేళ్ళు, మూల ఒక పులి. దాని కింద తోటకూర, గోంగూర వాడకుండా పచ్చగా ఉన్నాయి. ఎండకు నీడగా ఉండనీ అని ఆచారిగారే వేసవిలో ఇచ్చారట. ఒక మేక అసలు గోంగూరను వదిలేసి, వేలాడుతున్న తెర అంచున వేసిన చెట్టును నాకుతోంది. "బొమ్మే అది" అని ఆవిడ దాన్ని అదిలించి, "మీ చెట్లకు ఎంత పేరండీ గురువుగారూ, అడివి కాడ కూరలంటే ఊరంతా ఇక్కడికే వస్తన్నారు" అంది. ఆచారిగారు మేకకే నమస్కారం పెట్టారు. వేసిన చిత్రకారుడు బతికుంటే, ఇంతకన్నా పెద్ద సన్మానం అక్కర్లేదనేవాడట. దాలినాయుడి ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు కనిపించింది. కానీ ఆటో సంగతి గుర్తొచ్చి మళ్ళీ ముడుచుకుపోయాడు. తను ఆరు పెట్టెల నిండా అత్తరు చల్లి మడతపెట్టిన గౌరవమంతా ఒక మేక నాకేస్తోందని కూడా అనిపించింది. మనసు అంత సులువుగా మారేది అయితే గురువుల అవసరం ఏముంది?

చివరికి గెడ్డవాగు పక్కన గున్నమ్మ ఇంటి ముందు ఆగారు. తాటాకు కప్పు, తడిక గోడ, ముందు వాకిలి. గున్నమ్మ ఒకప్పుడు నాట్లకు ముందుండి పాట ఎత్తుకునే మనిషి. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కూడా పోయింది. కొడుకు రోడ్డు పనులకు వెళ్తాడు. కోడలు నీలవేణే ఇల్లూ, గొడ్లూ, అత్తగారినీ చూసుకుంటుంది.

నీలవేణి లోపల నేల అలుకుతోంది. మోచేతుల దాకా పేడ. వీళ్ళను చూసి కంగారుగా లేవబోయింది. ఆచారిగారు వద్దని వారించి, గుమ్మం పక్క అరుగు మీద కూర్చున్నారు. దాలినాయుడూ కూర్చున్నాడు. లోపల తడిక పక్కన నులకమంచం మీద గున్నమ్మ పడుకుని ఉంది. మంచం పట్టెకు ఏదో వేలాడుతోంది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక అదేమిటో అతనికి కనిపించింది. నల్లబడిన తోలుపట్టీ మీద రెండు వరసల ఇత్తడి గజ్జెలు. వాటికి కట్టిన తాడు గున్నమ్మ ఎడమచేతి వేళ్ళకు చుట్టి ఉంది.

ఆ గజ్జెలను దాలినాయుడు నిద్రలో తాకినా గుర్తుపడతాడు. అవి గురువుగారివి. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆట మానేశాక కూడా, పెట్టెలోంచి తీసినప్పుడల్లా కళ్ళకద్దుకునేవారు. వాటికి సమాజంలో ఒక పని మాత్రం మిగిలింది. తెర వెనక కూర్చుని ఆచారిగారు ఆ గజ్జెలను మూడుసార్లు విదిలించేవారు. మూడోది మోగిందంటే రాజు రంగం మీదికి రావాలి. ఒళ్ళు కాలిపోతున్న జ్వరంతో ఉన్నా, తండ్రి పోయిన నెలకే ఆడాల్సి వచ్చినా, మూడో గజ్జెకు దాలినాయుడు లేచి నిలబడకపోవడం ఒక్కనాడూ జరగలేదు.

"మీ గజ్జెలండీ ఇవి..." అన్నాడు, నమ్మలేక.

"అవి నాకు వచ్చేటప్పటికే పాతవి నాయనా. మా గురువుగారివి. ఆయనకు ఎవరిచ్చారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు."

నీలవేణి అలుకుతూనే చెప్పింది. "ఈ గెజ్జెలు రాక ముందు మా బతుకు అడక్కండి బాబూ. నాను గొడ్ల కాడుంటే ఈ తల్లికి నోరెండిపోయినా పిలవలేదు గదా. ఒకపాలి నీళ్ళకోసరం తనే లేవబోయి మంచం మీంచి పడిపోయింది. నానొచ్చి సూసేసరికి మొకం నేలకేసి ఉంది. బతికుందో లేదో తెల్లేదు. ఆ దినం నా గుండె ఆగిపోయిందనుకున్నాను. గురువుగారు సూడ్డానికొచ్చినారు. మర్నాడు ఇవి తెచ్చి ఆయనే కట్టినారు. ఇపుడు ఒకపాలి కొడితే రమ్మని. రెండుపాల్లు కొడితే పక్కకి తిప్పమని. ఎక్కడున్నా ఇనిపిస్తాది. గెడ్డ అవతలుంటే సయితం ఇనిపిస్తాది."

దాలినాయుడు గున్నమ్మ వైపు చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది. గుర్తుపట్టినట్టుంది. నోరు సగం కదిలింది, మాట రాలేదు. ఎడమచెయ్యి మెల్లగా తాడు లాగింది.

ఘల్లు.

కాస్త ఆగింది.

ఘల్లు. ఘల్లు.

అంతే! దాలినాయుడు లేచి నిలబడ్డాడు. లేచింది అతను కాదు, ఇరవై రెండేళ్ళ అలవాటు లేచింది. ఛాతీ ముందుకు వచ్చింది, కండువా భుజం మీద దానంతటదే సర్దుకుంది, కుడిచెయ్యి పైకి లేచింది. "ఆఁ..." అని రాగం అందుకున్నాడు. ఆ గొంతుకు చూరులో పిచ్చుకలు లేచిపోయాయి. దారినపోయే ఇద్దరు ఆగి లోపలికి తొంగిచూశారు.

"నీళ్ళండి బాబూ, నీళ్ళు!" నీలవేణి నవ్వాపుకోలేక పేడచేత్తోనే నోటికి అడ్డుపెట్టుకోబోయి ఆగిపోయింది. "మూడుపాల్లు కొడితే దాహం. మా అత్త నీళ్ళడుగుతోంది!"

రాగం గొంతులోనే తెగిపోయింది. పైకెత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో దాలినాయుడికి తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. గురువుగారి వైపు చూశాడు. ఆయన గెడ్డవైపు చూస్తున్నారు, అక్కడేదో ముఖ్యమైన పని జరుగుతున్నట్టు.

"నా సేతులు సూసినారు గదా," అంది నీలవేణి మొహమాటంగా. "మీకు సెప్పకూడదు గానీ బాబూ, ఆ మూల కుండలో ఉన్నాయి, గిలాసుతో ముంచి ఇస్తారా?"

ఇంట్లో ఏనాడూ తన నీళ్ళు తను ముంచుకోని మనిషి. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళాడు. అలికిన నేల ఇంకా తడిగా ఉంది. నీలవేణి పొద్దుటి నుంచి పడిన కష్టం మీద తన అడుగులు పడకుండా, గోడవారనే, పొడిగా ఉన్న జానెడు జాగాలోనే పాదం ముందు పాదం వేసుకుంటూ కుండ దాకా వెళ్ళాడు. గ్లాసు నిండా ముంచాడు. నిండుగా ముంచకపోతే దాహం తీరదేమోనని భయం, నిండుగా ముంచితే ఒలుకుతుందేమోనని భయం. రెండు చేతులతో పట్టుకుని, చూపు నీటిమీదే పెట్టి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ ఆ జానెడు జాగాలోనే మంచం దగ్గరికి వచ్చాడు. ఒక్క బొట్టు నేల మీద పడలేదు.

గున్నమ్మ తల కింద చెయ్యి పెట్టి లేపాడు. ఆ తల ఇంత తేలిగ్గా ఉంటుందని అతను అనుకోలేదు. గుక్క గుక్కగా తాగించాడు. పెదవుల అంచు నుంచి కారిన నీళ్ళు తన కండువాతో తుడిచాడు. అది జరీ కండువా, ఒక ఊరివాళ్ళు సన్మానంలో కప్పింది. ఆ సంగతి అతనికి గుర్తు కూడా రాలేదు.

తల మళ్ళీ దిండు మీద ఆనించాక గున్నమ్మ అతన్ని చూసి తాడు లాగింది. ఈసారి ఒకటీ కాదు, మూడూ కాదు. ఘల్లుఘల్లుమని ఆగకుండా, వరసా లెక్కా లేకుండా.

"ఇప్పుడేం కావాలంటోంది?" అని కంగారుగా అడిగాడు దాలినాయుడు.

"ఏటీ ఒద్దండి. సంతోసం వొస్తే అలాగే కొడతాది," అంది నీలవేణి.

దాలినాయుడు మంచం పక్కన చతికిలబడ్డాడు. కళ్ళనీళ్ళు వచ్చేశాయి. దాచుకోలేదు. ఎన్ని ఊళ్ళలో ఎన్ని వందల చప్పట్లు విన్నాడు! ఏ చప్పట్లూ ఇలా లోపలిదాకా రాలేదు. సోడా ఫ్యాక్టరీ పెట్టెలకు, లచ్చయ్య అద్దానికి, పేరు తెలియని ఏ ముసలి ఆటగాడో విప్పి ఇచ్చిన ఈ గజ్జెలకు, అందరికీ ఒకేసారి దణ్ణం పెట్టాలనిపించింది. అందరూ లేరు కాబట్టి గున్నమ్మ ఎడమచేతిని తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆమె గజ్జెలు మోగించడం ఆపలేదు.

వాళ్ళు మిల్లు దగ్గరికి వచ్చేసరికి ట్రాలీ ఆటో వచ్చి నిలబడి ఉంది. ఆటో అతను అప్పటికే రెండు పెట్టెలు ఎక్కించేశాడు.

"ఏటికే కదండీ? ఎగువ రేవుకా, దిగువ రేవుకా?"

దాలినాయుడు ఎక్కించిన పెట్టెల మీద చెయ్యి వేశాడు. "ఏటికి కాదయ్యా," అన్నాడు. "దించు. తొందరపడి చెప్పాను." తర్వాత ఒక పెట్టె తాళం తీసి, అడుగు దాకా తడిమి, మందపాటి తెర ఒకటి బయటికి లాగాడు. స్తంభాలు, తోరణాలు, నెమళ్ళు ఉన్న రాజమహలు తెర. దాన్ని వెలుతురులో పరిచి, చేత్తో బరువు చూశాడు.

"గున్నమ్మ మంచం పక్క తడికలోంచి గాలి దూసుకొస్తోందండీ," అన్నాడు గురువుగారితో. "చలికాలం రానే వచ్చింది. ఇది రెండు మడతలు వేసి లోపలివైపు కుడితే ఆపుతుంది. మహలు బొమ్మ ఆవిడ వైపు ఉండేలా కుట్టాలి, పడుకుని చూసుకుంటుంది." పెట్టెల వైపు చూపిస్తూ, "మిగతావి ఎవరికేం కావాలో ఇల్లిల్లూ తిరిగి అడుగుతాను. ఊక పోసుకోవడానికి మిల్లువాళ్ళను నాలుగు రోజులు ఆగమనాలి," అన్నాడు. ఆటో అతను వట్టి బండితో పోవలసి వస్తుందేమోనని ముఖం చిన్నబుచ్చుకోబోయాడు. తెరతో గెడ్డ దాకా రమ్మన్నాక కుదుటపడ్డాడు.

తెర మడతపెడుతూ దాలినాయుడు తలెత్తాడు.

"గురువుగారూ, పొద్దున నేనడిగినదానికి తమరు జవాబు చెప్పనేలేదు."

ఆచారిగారు తెర రెండో కొస పట్టుకున్నారు. ఇద్దరూ కలిసి దులిపారు. దుమ్ము కొంచెం సర్దుకున్నాక ఆయన చెప్పారు.

"ఇరవై రెండేళ్ళు నీ చేత ఒకే ఒక్క విషయం సాధన చేయించాను దాలినాయుడూ, రాజు ఎలా నడవాలో. ఎంత చెప్పినా నాకు తృప్తి లేకపోయింది."

"అవునండి."

"ఇందాక కుండ దగ్గర్నించి మంచం దాకా నడిచావు చూడు," అన్నారు ఆయన. "అదే నాయనా, నేను చెబుతూ వచ్చింది."